బావ ఇంటి కరెంటు

నా దగ్గరికి ఎవరు ఏ సామాను బాగుచేయించుకోడానికి తెచ్చినా, వాళ్ళ ఎదుటే కరెంటిచ్చి చూపిస్తాను. ఇదిగో లైటు వెలిగింది, ఇదిగో ఈ చప్పుడొస్తోంది, కళ్ళారా చూసుకోండి అని చెప్పి, చీటీ మీద రాసి సంతకం తీసుకుంటాను. తిరుపతిలో బస్టాండు వెనక సందులో మేడమీది గది నా కొట్టు. కంప్యూటర్లు, హార్డుడిస్కులు బాగుచేస్తాను. తెచ్చినప్పుడు బాగానే ఉండె, నువ్వే చెడగొట్టినావు అని ఒకాయన కొట్టు ముందర నిలబడి నలుగురూ వినేట్టు అరిచినప్పటి నుంచి ఈ చీటీ పెట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క మనిషి దగ్గర మాత్రం చీటీ రాయలేదు. బావే కదా అనుకున్నాను. రాసి ఉంటే, తర్వాత అబద్ధమాడే వీలు నాకుండేది కాదు.

బావంటే మా అక్క మొగుడు. చిత్తూరులో ఉంటారు. ముప్పై ఏళ్ళకు పైగా లైన్‌మన్‌గా పనిచేశాడు. పూతలపట్టు చుట్టుపక్కల పల్లెల్లో ఆయన ఎక్కని స్తంభం లేదు. గాలివానకు తీగ తెగిందంటే తింటున్న కంచం ముందునుంచి లేచిపోయేవాడని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. తన లైను మీద ఒక్క మనిషికి షాకు కొట్టలేదని, తన తప్పు వల్ల ఒక్క రైతు మోటారు కాలలేదని ఆయనకు గర్వం. తనకు తానుగా చెప్పుకోడు గాని, ఎవరైనా ఆ మాటంటే మీసం కింద నవ్వుకుంటాడు.

రిటైరైన రోజు తోటివాళ్ళు ఆయనకొక కెమెరా ఇచ్చారు. దాన్నేం చేసుకోవాలో కొన్నాళ్ళు తోచలేదు. తర్వాత మోపెడ్ వేసుకుని, తాను పనిచేసిన పల్లెలకే పోయి ముసలివాళ్ళ ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. ఆ పల్లెల్లో మనిషి బతికుండగా ఫోటోను పటం కట్టించి ఇంట్లో పెట్టుకోరు. పెడితే ఆయుష్షు తగ్గుతుందని భయం. తీరా మనిషి పోయాక ఇల్లంతా వెతుకుతారు, ఏదో కార్డు మీది మసక బొమ్మ ఒకటి దొరుకుతుంది. దాన్నే పెద్దది చేయించి దండ వేస్తే, అది ఎవరో కడుపున పుట్టినవాళ్ళకే తెలియదు. అందుకని బావ వాళ్ళను ఉతికిన చీర కట్టుకోమని, తల దువ్వుకోమని, నీడపట్టున కూర్చోబెట్టి తీరిగ్గా తీసేవాడు. కెమెరా వెనక చూపించి మురిపించేవాడు. కాగితం మీద మాత్రం ఇచ్చేవాడు కాదు, వాళ్ళూ అడిగేవాళ్ళు కాదు. నా దగ్గర భద్రంగా ఉంటుందిలే అవ్వా, అవసరమైన రోజు నీ కొడుకే నాకు ఫోన్ చేస్తాడు అనేవాడట. అవ్వలు పడీ పడీ నవ్వేవాళ్ళట. ఆ ఫోటోలన్నీ ఆయన ఇంట్లో పాత కంప్యూటర్లోని హార్డుడిస్కులో ఉండేవి. ఇంకెక్కడా లేవు.

దసరాకు పది రోజుల ముందు ఆ డిస్కును తానే విప్పి, తువ్వాలులో చుట్టి, క్యారియర్ సంచిలో పెట్టుకుని బస్సెక్కి నా కొట్టుకు తెచ్చాడు. నిండిపోయిందట, అన్నీ ఇంకో పెద్దదాన్లోకి ఎక్కించి ఇమ్మన్నాడు. నిన్న సాయంత్రం దాకా ఇంట్లో బాగా పనిచేసిందని కూడా చెప్పాడు. రేపే చేసిస్తానన్నాను. టీ తెప్పించాను, అక్క పంపిన మురుకులు తీసుకున్నాను, డిస్కును బల్ల చివర పెట్టాను. రేపు ఎల్లుండయింది, ఎల్లుండి వారమయింది. బయటివాళ్ళు వచ్చి నెత్తిన కూర్చుంటారు, వాళ్ళ పని ముందు చేస్తాం. అయినవాళ్ళు ఫోన్లో మర్యాదగా అడుగుతారు, వాళ్ళకు రేపని చెబుతాం. బావ రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ తొందరేం లేదనే పెట్టేశాడు.

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు కొట్టు కడిగి, గుమ్మానికి మామిడాకులు కట్టి, స్క్రూడ్రైవర్లు, మీటరు, సోల్డరింగ్ కడ్డీ అన్నీ బల్ల మీద పేర్చి, ప్రతిదానికీ తడిపిన పసుపుతో బొట్టు పెట్టి దానిమీద కుంకుమ అద్దుతాను. బాగుచేయడానికి వచ్చినవాటినీ వదలను. ఎవరిదైనా సరే, పండగ నాడు నా బల్ల మీదున్న సామానుకు బొట్టు లేకుండా ఉంచితే మనసొప్పదు. కంప్యూటరుకు నెత్తిన పెడతాను, కీబోర్డుకు అంచున పెడతాను, ఏనాడూ ఏదీ చెడలేదు. ఆ రోజు బావ డిస్కు బోర్లా పడి ఉంది. పాత రకం కాబట్టి దాని అడుగున ఉండే పచ్చటి సర్క్యూట్ బోర్డూ, దానిమీది చిన్న చిన్న ముక్కలూ అన్నీ బయటికే కనిపిస్తాయి. ఆ బోర్డు మీద చెమట వేలు కూడా పెట్టొద్దని వచ్చిన ప్రతివాడికీ పాఠం చెప్పేవాణ్ణి నేను. అలాంటిది, మనసంతా బయట గుమ్మడికాయ కొట్టడం మీద పెట్టి, మూడు వేళ్ళతో నిండుగా పసుపు తీసి, ఆ పచ్చబోర్డుకు, సరిగ్గా కరెంటు దిగే చోట పులిమాను. బావ పని ఆలస్యం చేస్తున్నానన్న బాధ ఒకటుండింది కదా, ఆ డిస్కుకు మిగతావాటికంటే కాస్త ఎక్కువే పెట్టాను.

పూజ చేసిన సామానును ఆ రోజు ముట్టుకోం. మర్నాడు పొద్దున కొట్టు తెరవగానే మొదట ఆ డిస్కే తీసుకున్నాను. రెండు రోజులుగా ముసురు. బొట్టును బొటనవేలితో తుడిచాను. పైపైది పోయింది. ముక్కల సందుల్లో ఇంకా తడి ఉందేమోనని చూడలేదు. కరెంటిచ్చాను. టిక్కుమని చిన్న చప్పుడైంది, డిస్కు తిరగలేదు, తాలింపు మాడిన వాసన గదంతా నిండింది.

ఉత్త ప్లాస్టిక్కు కాలితే ఆ వాసన రాదు. అది పసుపు మాడిన వాసనని నాకు అప్పుడే తెలుసు. తర్వాత ఎన్ని కథలు చెప్పుకున్నా, ఈ ఒక్క సంగతి నా నుంచి నేను దాచుకోలేకపోయాను.

డిస్కు ఇంకా చేతిలో ఉండగానే బావ ఫోన్ వచ్చింది. పండగ బాగా జరిగిందా అని అడిగి, ఆగి, ఫోటోల సంగతి ఏమైందన్నాడు. ఆలోచించే లోపే నా నోట్లోంచి వచ్చేసింది.

"ఇది కాలిపోయిండాది బావా. మీ ఇంట్లోనే దెబ్బ తినిండాది. వోల్టేజీ ఎక్కువొచ్చి లోపల్లోపలే చెడి, ఈడ పెట్టినాక పూర్తిగా పోయింది."

మా ఇంట్లోనా అన్నాడు. అవునన్నాను. ఒక అబద్ధం చాలదని, మీ ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఒకసారి చూపించుకో బావా అని సలహా కూడా ఇచ్చాను. బతుకంతా కరెంటు పని చేసిన మనిషికి ఎర్తింగ్ గురించి నేను చెప్పాను. ఆయన సరేనప్పా అన్నాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది. బావ మీటరు పట్టుకుని గది గదికీ తిరుగుతున్నాడట. ఏ ప్లగ్గులో పెట్టినా ఎంత ఉండాలో అంతే చూపిస్తోందట. నమ్మకం కుదరక, తనతో పనిచేసినాయన్ను ఒకర్ని పిలిపించి అన్నీ చూపించాడట. ఆయన కూడా ఏ దోషమూ లేదని చెప్పి కాఫీ తాగి పోయాడట. అయినా బావ ఒప్పుకోలేదట. మీటరన్నా తప్పు చూపిస్తుందేమో గాని, వాడు చదువుకున్నవాడు, వాడు చూసి చెప్పిన మాట తప్పు కాదు అన్నాడట. అక్కకు అది తమాషాగా ఉంది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నవ్విన నోరు నాకే అసహ్యమేసింది. డిస్కును కింది సొరుగులోకి తోసి మూసేశాను. కంటికి కనబడకుండా ఉంటే కొన్నాళ్ళకు అందరూ మరిచిపోతారనుకున్నాను.

అయిదో రోజు మళ్ళీ బావ చేశాడు. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. పూతలపట్టు అవతల పల్లెలో ఒక అవ్వ పోయింది. కొడుకు ఫోన్ చేసి, మా అమ్మ ఫోటో నీ దగ్గరుందని చెబుతుండేది, దినాలకు పటం కట్టించాలి, పంపించన్నా అని అడిగాడట. ఆ అవ్వకు వేరే ఫోటో లేదు. దినాలకు ఇంకో ఆరు రోజులుంది.

"నా ఇంటి కరెంటుకే కాలిపోయిందని ఆయప్పకు సెప్పుకున్న్యా," అన్నాడు బావ. "ఏమన్నా అయితాదేమో సూడప్పా. కాకపోతే ఇడిసిపెట్టు. తప్పు నాది, నిన్నేమనుకుంటాను."

ఆ రోజు కొట్టు తలుపు గడియ పెట్టి సొరుగు తెరిచాను. డిస్కును భూతద్దం కింద పెట్టి చూశాను. దేనికోసం చూశానో చెప్పాలి. నా అబద్ధం నిజమై ఉండాలని చూశాను. నిజంగానే బావ ఇంట్లో ఎక్కువ కరెంటు వచ్చి ఉంటే చాలా ముక్కలు దెబ్బతిని ఉండాలి, మోటారును తిప్పే పెద్ద చిప్పు పొంగి ఉండాలి. అది నిన్న అతికించినట్టు నున్నగా ఉంది. కరెంటు దిగే చోట బియ్యపుగింజ కంటే కాస్త పెద్దవి రెండు నల్ల ముక్కలుంటాయి. ఒకటి పన్నెండు వోల్టుల దారికి కాపలా, ఒకటి అయిదు వోల్టుల దారికి. ఎక్కువ కరెంటు వస్తే అవి తమ మీద వేసుకుని కాలిపోయి మిగతా బోర్డును కాపాడతాయి. అయిదు వోల్టుల ముక్క నడిమికి పగిలి బొగ్గులా ఉంది. మీటరు మొనలు దాని రెండు కాళ్ళకూ ఆనించాను. కుయ్యిమని ఆగకుండా మోగింది, అంటే అది కాలి రెండు కాళ్ళూ లోపల కలిసిపోయాయి. పక్క ముక్కకు ఆనిస్తే మోగలేదు.

పన్నెండు వోల్టుల కాలు నుంచి ఆ కాలిన ముక్క దాకా సన్నగా ఒక జాడ. నడుమ నల్లగా, అంచుల్లో పసుపు, ఒకచోట ఎరుపు. గుండుసూదితో గీకి వాసన చూశాను. కుంకుమలో సున్నం ఉంటుంది, మా బోరునీళ్ళలో ఉప్పుంటుంది, దానికి తోడు ఆరని ముసురు. ఆ తడి మీదుగా పన్నెండు వోల్టులు అయిదు వోల్టుల దారిలోకి దూకాయి. ఆ జాడ పక్కన వేళ్ళు పెట్టి చూసుకున్నాను. నేను బొట్టు పెట్టినంత మేరే ఉంది. గదిలో నేనొక్కణ్ణే ఉన్నా మొహం వేడెక్కింది. లేచిపోయి కిటికీ రెక్కలు కూడా మూశాను.

కాలిన బోర్డు తీసేసి, అదే రకం డిస్కు ఇంకోటి కొని దాని బోర్డు బిగిస్తే చాలనుకుంటారు చాలామంది. అలా కుదరదు. ఆ డిస్కును ఎలా చదవాలో చెప్పే గుర్తులు దాని బోర్డు మీదే ఒక చిన్న చిప్పులో ఉంటాయి. దెబ్బ దానిదాకా పోయి ఉంటే ఒక్క అవ్వ మొహంతో అయిపోదు, బావ నీడపట్టున కూర్చోబెట్టి తీసిన వాళ్ళందరూ పోయినట్టే. వేడిగాలి పెట్టి కాలిన ముక్కను పట్టకారుతో లేపేశాను. అది లేకపోయినా డిస్కు తిరుగుతుంది, కాపలా మాత్రం ఉండదు. తర్వాత స్పిరిటూ బ్రష్షూ పెట్టి బోర్డంతా కడిగాను. ఒకసారి కడిగితే చాలు, నాలుగుసార్లు కడిగాను. మొదటిసారి డిస్కు కోసం, మిగతా మూడుసార్లూ నాకోసం.

మధ్యాహ్నం దాకా ఆరనిచ్చి కరెంటిచ్చాను. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత సన్నగా మోటారు తిరగడం మొదలుపెట్టింది. ఫోటోలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. బావకు మనుషులు స్తంభాలతోనే గుర్తు. ఏడో స్తంభం అవ్వ, రెండో ట్రాన్స్‌ఫార్మర్ తాత అని పేర్లు పెట్టుకున్నాడు. పోయినావిడ మిట్ట మీద ఆఖరి స్తంభం అవ్వ. గడప మీద కూర్చుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, నవ్వు ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయిన మొహం. ఆవిడ నన్నే చూసి నవ్వుతున్నట్టనిపించి, ఫోటో త్వరగా మూసేశాను. అన్నింటినీ కొత్త డిస్కులోకి ఎక్కించి, ఎందుకైనా మంచిదని ఇంకోదాన్లోకీ ఎక్కించాను. ఈ పనే పది రోజుల ముందు చేసి ఉంటే ఒక పూటలో అయిపోయేది.

మర్నాడు డిస్కులు తీసుకుని చిత్తూరు బస్సెక్కాను. బస్సులో కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో మాటలు పేర్చుకుంటూ పోయాను. పోగానే చెప్పేయాలనుకున్నాను. చంద్రగిరి దాటేసరికి భోజనాలయ్యాక చెబుదామనుకున్నాను. పూతలపట్టు వచ్చేసరికి, ఇప్పుడు అన్నీ దొరికాయి కదా, చెప్పి ఎవర్ని ఉద్ధరించాలి అనుకుంటున్నాను.

ఇంటి ముందు మట్టి పోగు కనిపించింది. గోడ పక్కన ఎర్తింగ్ కోసం నడుము లోతు గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి, కొత్త పైపు దించి ఉంది. అరవై దాటిన మనిషి, కూలివాళ్ళను పిలవకుండా, రెండు రోజులు తానే తవ్వాడట. రెండు అరచేతుల్లోనూ బొబ్బలు లేచి చితికిపోయాయి. నన్ను చూడగానే సంతోషంగా ఎదురొచ్చి, నువ్వు చెప్పింది నిజమేనప్పా, పాత పైపు అడుగున కొంచెం తుప్పు పట్టింది అన్నాడు. తుప్పు పట్టిన పైపును నాకు చూపించడానికని పక్కనే పెట్టి ఉంచాడు. నేను వంగి చూసి తలూపాను.

ఫోటోలన్నీ వచ్చాయని చెబితే నమ్మలేదు. ఇంట్లో కంప్యూటర్లో పెట్టి మిట్ట మీది అవ్వను చూపించాను. అప్పటికప్పుడు ఆవిడ కొడుక్కు ఫోన్ చేసి, దొరికింది, మా బామ్మర్ది బతికించినాడు అన్నాడు. లోపల్నుంచి అక్క కూడా వచ్చి చూసి, నా తల నిమిరి, సంగటి కెలకాలని వంటింట్లోకి పోయింది. అప్పుడు బావ ఆ పాత డిస్కును చేతిలోకి తీసుకుని, ఎక్కడ కాలిందో చూపించమన్నాడు.

చూపించాను. వరండాలో ఎండ పడే చోటికి తీసుకుపోయి, కళ్ళద్దాలు పెట్టుకుని, బోర్డును అటూ ఇటూ వంచి చూశాడు. చాలాసేపు చూశాడు. స్తంభం కింద నిలబడి ఎక్కడ తెగిందో వెతికేటప్పుడు ఆయన అలాగే చూసేవాడు. ఎక్కువ కరెంటు వస్తే ఈ ఒక్కచోటే ఎందుకు కాలుతుంది, పక్కది ఎందుకు బాగుంది అని అడిగాడు. చీపురు పుల్ల ఒకటి విరిచి, కరెంటు దిగే పిన్నుల అడుగున, నా బ్రష్షు దూరని సందులో గెలికాడు. పుల్ల మొనను వేలికి రాసుకుని చూసుకున్నాడు. పసుపుపచ్చగా ఉంది.

ఆయన తలెత్తలేదు. పండగ ఎప్పుడు, తాను ఫోన్ చేసిందెప్పుడు అని లెక్క వేసుకుంటున్నాడని నాకర్థమైంది. బావా, ఆ రోజు పూజలో అని మొదలుపెట్టాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. వేలికంటిన పసుపును లుంగీ అంచుకు తుడుచుకుని, వంటింటి వైపు ఒకసారి చూశాడు.

"మీ అక్కకు సెప్పొద్దప్పా," అన్నాడు. "తమ్ముడంటే దానికి శానా గొప్ప."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది, కాళ్ళమీద పడేవాణ్ణి. ఆయన డిస్కును మళ్ళీ తువ్వాలులో చుట్టి నా సంచిలో పెట్టి, లేచి పోయి, గొయ్యి పక్కనున్న తుప్పు పైపును తీసి గోడ అవతలికి విసిరేశాడు.

భోజనానికి పిలిచింది అక్క. వేడి సంగటి, కోడికూర. బావ వేళ్ళు ముద్దకు ఆనించి చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. అక్క విసుక్కుంటూ చెంచా తెచ్చి ఆయన కంచంలో పడేసింది. సంగటిని చెంచాతో తినే మనిషిని నేనప్పుడే చూశాను. వడ్డిస్తూ అక్క ఆయన్ను ఆడిపోసుకుంటూనే ఉంది. ఊరందరికీ కరెంటిచ్చినావు, సొంతింటి కరెంటు సూసుకోలేకపోతివి, నా తమ్ముడు ఉండబట్టి ఆ అవ్వ బయటపడింది, లేకుంటే ఆ కొడుక్కు ఏ మొహం సూపించేవాడివి అంది. బావ నిజమేలే అన్నాడు.

చెయ్యి కంచంలో పెట్టి, "అక్కా" అన్నాను.

బావ తలెత్తకుండా, "వానికి కూర అయిపోయిండాది, సూడు" అన్నాడు.

అక్క గరిటెతో నిండుగా వేసింది. నేను తిన్నాను.